ఫొనాలజీ ప్రాబ్లం ముందు పెడితే బుర్ర పనిచేయడం లేదు, ఏం చేయాలి?

ప్రశ్న: మాది వరంగల్ దగ్గర పల్లె. డిగ్రీలో బీఎస్సీ చేసి, ఇష్టపడి ఎం.ఏ. లింగ్విస్టిక్స్‌లో చేరాను. ఫొనెటిక్స్ (ధ్వనులను నోటితో ఎలా పలుకుతామన్న చదువు) బాగానే నడిచింది. ఫొనాలజీ (ఒక భాషలో ధ్వనులు ఎలా అమరుతాయన్న చదువు) క్లాసులో కూర్చున్నప్పుడు అన్నీ అర్థమైనట్టే ఉంటాయి. కానీ ప్రాబ్లం షీటు చేతికి వస్తే టెన్షన్ మొదలవుతుంది. పేరు కూడా వినని భాష, ముప్పై పదాలు, 'ఈ రెండు ధ్వనులు ఒకే ఫోనీమా (అంటే మాట అర్థాన్ని మార్చగల ధ్వని), వేర్వేరా?' అని ప్రశ్న. గంట కూర్చున్నా ఒక్క వాక్యం రాయలేను. జవాబుల కీ చూస్తే 'ఇంతేనా' అనిపిస్తుంది. మర్నాడు కొత్త షీటు వస్తే మళ్లీ అదే కథ. మా క్లాసులో కొందరు పాత ప్రాబ్లమ్‌ల జవాబులు బట్టీ పడుతున్నారు. నేనూ అదే చేయాలా? ఇంకో సంగతి. మేడమ్ తెలుగు ఉదాహరణలు చెప్పమంటే నేను నోరు విప్పను. మాది పుస్తకాల్లో తెలుగు కాదు కదా అని సంకోచం. దయచేసి దారి చూపించండి. (పేరు వేయవద్దని కోరారు.)

జవాబు: మీ ఉత్తరంలో 'కీ చూస్తే ఇంతేనా అనిపిస్తుంది' అన్న మాట దగ్గరే మీ ఇబ్బంది అంతా ఉంది. కీలో రాసేది ఆఖరి మాట ఒక్కటే. ఆ మాట దాకా వచ్చేలోపు సాల్వ్ చేసినవాళ్లు నాలుగైదు రకాలుగా ఊహించి ఉంటారు. ఎడమ పక్క ధ్వని వల్ల అనుకుని కాదని తేల్చుకుని ఉంటారు, అక్షరం పొడుగు వల్లనేమో అనుకుని అదీ కొట్టేసి ఉంటారు. ఆ కొట్టేసిన ఊహలు కీలో ఉండవు. మీరు నేర్చుకోవాల్సింది మాత్రం వాటినే. అందుకే జవాబు చదివితే తేలిగ్గా ఉంటుంది, కలం పట్టుకుంటే కదలదు. బట్టీ మాట మరిచిపోండి. పరీక్షలో ఆ భాష రాదు, ఆ పదాలు రావు.

తెలియని భాష అని భయం కూడా వద్దు. ఆ భాషను మీకు తెలియకూడదనే ఇస్తారు. తెలిసిన భాషైతే అర్థం అడ్డొస్తుంది, స్పెల్లింగ్ అడ్డొస్తుంది, 'ఇలా అనరే' అన్న అనుమానం అడ్డొస్తుంది. అమెరికన్ భాషాశాస్త్రవేత్త కెన్నెత్ పైక్ 1947లో ఫొనీమిక్స్ మీద వేసిన పాఠ్యపుస్తకంలో కొన్ని అభ్యాసాల కోసం లోకంలోనే లేని ఒక భాషను కల్పించి, దానికి కలబా అని పేరు పెట్టాడు. విద్యార్థి కళ్లు ధ్వనుల అమరిక మీదే ఉండాలని ఆయన ఉద్దేశం. అంటే షీటులో ఉన్న భాష గురించి మీకు ఏమీ తెలియకపోవడం లోటు కాదు, కావలసిందంతా ఆ ముప్పై పదాల్లోనే ఉంటుంది.

అయినా మీరు మొదలుపెట్టాల్సింది కలబాతో కాదు. మీ నోట్లో ఉన్న తెలుగుతో. పద్ధతి చేతికి అలవాటు కావాలంటే, జవాబు సరైందో కాదో ఎవరినీ అడగకుండా మీరే తేల్చుకోగలిగే సరుకు కావాలి. అది మాతృభాషలోనే దొరుకుతుంది. ఒక పదం చాలకపోతే వెంటనే ఇంకో పదం తెచ్చుకోవచ్చు. షీటులో ముప్పై పదాలు అయిపోతే అయిపోయినట్టే. ఇక్కడ పదాలకు కరువు లేదు.

ఒక చిక్కు ఉంది, దాన్ని ముందే చెబుతాను. మన లిపి చాలా మంచిది, పలికినట్టే రాస్తాం అని చిన్నప్పటి నుంచి విని ఉంటారు. చాలావరకు నిజమే. కానీ ఫొనాలజీ చేసేటప్పుడు ఆ నమ్మకం కాస్త పక్కన పెట్టాలి. చెవి చెప్పేది ఒకటి, అక్షరం చెప్పేది ఒకటి అయిన చోట్లు ఉన్నాయి. మంచి ప్రాబ్లమ్‌లు అక్కడే దొరుకుతాయి.

ఈ పదాలు కాగితం మీద రాసుకోండి: చాప, చుక్క, చలి, చోటు, చారు, చూపు, చెట్టు, చిలక, చీమ, చేను, చీర. ఒక్కొక్కటి పైకి అనండి. రేడియోలో చదివినట్టు కాదు, ఇంట్లో అమ్మతో అన్నట్టు. నాలుక ఎక్కడ తగులుతోందో గమనించండి. చాప, చుక్క, చలి అన్నప్పుడు నాలుక కొస పళ్ల వెనక తగిలి 'త్స'కు దగ్గరగా వినిపిస్తుంది. చెట్టు, చిలక అన్నప్పుడు నాలుక మధ్యభాగం లేచి అంగిలిని తాకుతుంది. అక్షరం ఒక్కటే, ధ్వనులు రెండు. మన పాత వ్యాకరణాలు వీటిని దంత్య చకారం, తాలవ్య చకారం అని వేరుచేసి చెప్పాయి, పాత నిఘంటువుల్లో దంత్యానికి వేరే గుర్తు కూడా కనిపిస్తుంది. మనం రోజూ పలుకుతూనే ఉన్నా బడిలో ఎవరూ చెప్పరు కాబట్టి చాలామంది గమనించరు.

ఇప్పుడు కాగితాన్ని రెండు నిలువు వరుసలు చేయండి. ఒకదానిలో దంత్య చ ఉన్న పదాలు, రెండోదానిలో తాలవ్య చ ఉన్నవి. ప్రతి పదం పక్కన చకారానికి ఎడమ పక్క ఏముందో, కుడి పక్క ఏముందో రాయండి. ఊహించకండి, ఊరికే రాయండి. ఎడమ పక్క అన్నిట్లోనూ ఏమీ లేదు, పదం మొదలే. కాబట్టి తేడాకు కారణం ఎడమ పక్క లేదు. కుడి పక్క చూస్తే దంత్య వరుసలో అ, ఆ, ఉ, ఊ, ఓ. తాలవ్య వరుసలో ఇ, ఈ, ఎ, ఏ. ఒక వరుసలో ఉన్న అచ్చు రెండో వరుసలో ఒక్కటీ లేదు. ఒకటి వచ్చే చోట రెండోది రాదు. మీ క్లాసులో కాంప్లిమెంటరీ డిస్ట్రిబ్యూషన్ అన్నది ఇదే.

ఇక్కడ ఆగిపోయేవాళ్లు చాలామంది. 'ఇ, ఈ, ఎ, ఏ ముందు తాలవ్యం, మిగతా చోట్ల దంత్యం' అని రాసి షీటు ఇచ్చేస్తారు. సగం మార్కులే వస్తాయి. ఇ, ఈ, ఎ, ఏ అని పేర్లు చదవడం జాబితా అవుతుంది కానీ సూత్రం కాదు. ఆ నాలుగే ఎందుకు ఒక జట్టుగా కలిశాయి? నాలుగింటికీ నాలుక నోటి ముందు భాగంలో పైకి లేస్తుంది, అవి ఫ్రంట్ వవెల్స్. తర్వాత రాబోయే అచ్చు కోసం నాలుక అంగిలి వైపు ముందే బయలుదేరింది, దాంతో చకారం కూడా అక్కడికే జరిగింది. ఇలా రాస్తే ఎందుకు జరిగిందో కూడా చెప్పినట్టవుతుంది. ఫొనెటిక్స్ మీకు బాగా వచ్చు అన్నారు కదా, దాన్ని ఫొనాలజీ క్లాసు గుమ్మం బయట వదిలేసి రాకండి. ఫొనాలజీలో సగం బలం అదే.

ఇప్పుడు అసలు పని. మీ సూత్రాన్ని మీరే పడగొట్టడానికి చూడండి. ఒప్పుకునే పదాలు కాదు, ఎదురుతిరిగే పదాలు వెతకండి. కోస్తా వాళ్ల మాటలో, టీవీ వార్తల్లో మీరు రోజూ వినే రెండు రూపాలు తీసుకోండి: 'నచ్చాలి', 'నచ్చాడు'. రెండింటిలోనూ రాసేది చ్చా. మన సూత్రం ప్రకారం 'ఆ' అనే అచ్చు ముందు దంత్యం రావాలి. 'నచ్చాలి'లో దంత్యమే వస్తుంది, బాగుంది. 'నచ్చాడు' అన్నప్పుడు మాత్రం నిస్సందేహంగా తాలవ్యం. సూత్రం పోయినట్టేనా?

ఇక్కడ కీ చూసేయకండి, మళ్లీ వినండి. 'నచ్చాడు'లో చకారం తర్వాతి అచ్చు నిజంగా 'ఆ' యేనా? ఇంగ్లిష్ 'క్యాట్' మాటలో అచ్చును సాగదీస్తే వచ్చేదానికి దగ్గరగా ఉంటుంది. 'నచ్చాలి'లో ఉన్నది శుద్ధమైన ఆ. అంటే అచ్చులు వేరు, లిపి రెండింటికీ ఒకే దీర్ఘం ఇచ్చింది. ఆ 'యా' లాంటి అచ్చుకు నాలుక ముందుకే వస్తుంది. అంటే అదీ ఫ్రంట్ వవెలే. మీరు జాబితాకు బదులు 'ఫ్రంట్ వవెల్స్ ముందు' అని రాసి ఉంటే సూత్రం చెక్కుచెదరలేదు. జాబితా రాసినవాళ్లదే చిక్కు.

ఒక అనుమానం మిగిలింది, మీ మేడమ్ తప్పకుండా అడుగుతారు. అచ్చు వల్ల హల్లు మారిందా, హల్లు వల్ల అచ్చు మారిందా? తాలవ్య చకారమే పక్కనున్న ఆకారాన్ని ముందుకు లాగిందేమో? దీన్ని తేల్చాలంటే చకారం లేని చోట చూడాలి. 'చెప్పాలి', 'చెప్పాడు' అనండి. 'కొట్టాలి', 'కొట్టాడు' అనండి. ప్ప, ట్ట రెండు రూపాల్లోనూ ఒకేలా ఉన్నాయి, అచ్చు మాత్రం అదే తేడాతో వినిపిస్తోంది. హల్లు సాయం లేకుండా అచ్చు తన తేడా తాను నిలుపుకుంటోంది. కాబట్టి స్వతంత్రం అచ్చుది, చకారం దాన్ని అనుసరిస్తోంది. ఫొనాలజీలో వాదన చేయడం అంటే ఇంతే. రెండు కారణాలు కలిసి కనిపిస్తున్నప్పుడు వాటిని విడదీసే మూడో పదం వెతకడం. ఇది ఒక్కసారి చేత్తో చేసి చూస్తే షీటు ముందు మీరు ఇప్పట్లా కూర్చోరు.

ఇప్పుడు మీ సంకోచం సంగతికి వస్తాను. ఈ ప్రాబ్లమ్‌లో తర్వాతి మెట్టు ఎక్కాలంటే మీ ఊరి తెలుగే కావాలి. కోస్తాలో 'చెప్పాడు', 'నచ్చాడు' అన్నచోట మీ ఇంట్లో ఏమంటారు? 'చెప్పిండు', 'నచ్చిండు', 'వచ్చిండు'. రాయలసీమలో, పాత రాతలో 'చెప్పినాడు', 'వచ్చినాడు' కనిపిస్తాయి. కోస్తా మాటలో మాయమైన ఇకారం మీ మాటలో స్పష్టంగా నిలబడి ఉంది. చెప్పినాడు అన్నది కుదించుకుపోతూ ఇ, ఆ రెండూ కలిసి ఆ వింత అచ్చు పుట్టింది. ఇకారం తాను పోతూ తన ముందువైపు లక్షణాన్ని మిగిల్చి పోయింది. కోస్తా రూపం ఒక్కటే తెలిసినవాళ్లకు ఈ అచ్చు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పడం కష్టం. వరంగల్ అమ్మాయికి అది నాలుక మీదే ఉంది. క్లాసులో మీరు నోరు విప్పకపోతే నష్టపోయేది క్లాసే. భాషాశాస్త్రానికి సరైన తెలుగు, సరికాని తెలుగు అని ఉండవు, ఉన్నదల్లా డేటా. అన్నిటికంటే విలువైనది, చిన్నప్పటి నుంచి మాట్లాడినవాళ్లు మొహమాటం లేకుండా చెప్పే డేటా. ఈసారి మేడమ్ అడిగితే 'మా ఇంట్లో ఇలా అంటాం' అని మొదలుపెట్టండి. అది క్షమాపణలా కాదు, ఆధారంలా వినిపించాలి.

అదే ఇకారానికి ఇంకో సాక్ష్యం ఉంది, దాన్నుంచి రెండో ప్రాబ్లం పుడుతుంది. అడుగు, అడిగి, అడగాలి. తిరుగు, తిరిగి, తిరగాలి. కలుపు, కలిపి, కలపాలి. నడుపు, నడిపి, నడపాలి. నడిమి అచ్చు చూడండి. తర్వాతి అక్షరంలో ఉ ఉంటే అదీ ఉ, ఇ ఉంటే ఇ, ఆ ఉంటే అ. పక్కవాళ్లను చూసి రంగు మార్చుకుంటోంది. మరి 'అడిగాడు' సంగతి? రాతలో గా అని ఆకారమే ఉంది, 'అడగాలి'లో లాగే. అయినా 'అడగాడు' అనరు, 'అడిగాడు' అంటారు. ఆ దీర్ఘంలో ఇకారం దాక్కుని ఉందని నడిమి అచ్చుకు తెలుసు! మీ 'అడిగిండు' పక్కన పెట్టి చూస్తే ఇక సందేహం ఉండదు. చకారం మీద చేసిన ప్రాబ్లం, ఈ ప్రాబ్లం వేర్వేరు దారుల్లో వెళ్లి ఒకే చోట కలిశాయి. ఇలా రెండు స్వతంత్ర ఆధారాలు ఒకే జవాబు దగ్గరికి చేర్చినప్పుడు కలిగే ఆనందం కోసమే చాలామంది ఈ సబ్జెక్టులో ఉండిపోతారు. మీకూ ఆ రుచి తగలాలని నా కోరిక.

ఇదే డేటాలో మొదటి అచ్చును కూడా చూడండి. తిరుగు, తిరిగి, తిరగాలి: 'తి' ఎక్కడా మారలేదు. పులి, పులులు. గది, గదులు. పిల్లి, పిల్లులు. బహువచనంలో ఉకారం వచ్చి వెనకటి ఇకారాన్ని మార్చింది కానీ పదంలో మొదటి అచ్చు జోలికి పోలేదు. 'మనిషి' బహువచనం 'మనుషులు'లో రెండు ఇకారాలూ ఉకారాలయ్యాయి, మొదటి అచ్చు అలాగే ఉంది. కాబట్టి సూత్రానికి ఒక షరతు చేర్చాలి. షరతులు ఇలా డేటా అడిగినప్పుడు చేర్చాలి, ముందే ఊహించి కాదు.

బహువచనం దాకా వచ్చాం కాబట్టి ఇంకొక్కటి. కాలు, కాళ్లు. వేలు, వేళ్లు. ఊరు, ఊళ్లు. గోరు, గోళ్లు. (ఊర్లు, గోర్లు అనే వాడుకా ఉంది, మీ ఇంట్లో ఏదంటారో అది రాయండి.) చూడ్డానికి ల, ర రెండూ బహువచనం ముందు ఒకేలా మారుతున్నట్టున్నాయి. ఇప్పుడు కొత్తగా వచ్చిన మాటల మీద ప్రయోగించండి. రైలు, రైళ్లు. స్కూలు, స్కూళ్లు. హోటలు, హోటళ్లు. మరి కారు? కార్లు. డాక్టరు? డాక్టర్లు. 'కాళ్లు వేసుకుని వచ్చారు' అని ఎవరూ అనరు. అంటే లకారం సూత్రం ఇప్పటికీ బతికి ఉంది, నిన్న వచ్చిన ఇంగ్లిష్ మాటనూ వదలదు. రకారం సూత్రం పాత మాటల్లోనే మిగిలింది. కొత్త పదం మీద పనిచేస్తోందా లేదా అన్నది సూత్రానికి పెట్టగల గట్టి పరీక్ష. షీటు చివర 'ఈ పదం బహువచనం ఏమై ఉంటుంది?' అని అడగడంలో ఆంతర్యం అదే. ఆ ఆఖరి ప్రశ్నను చాలామంది వదిలేస్తారు, మీరు వదలొద్దు.

'పండు', 'పన్ను' రెండింటికీ కోస్తాలో బహువచనం 'పళ్లు', మీ వైపు రెండింటికీ 'పండ్లు'. ఏకవచనం తెలిస్తే బహువచనం చెప్పగలం, బహువచనం నుంచి ఏకవచనం చెప్పలేం. జర్మన్‌లో ఇలాంటిదే ప్రతి పాఠ్యపుస్తకంలోనూ ఉంటుంది. అక్కడ పదం చివర ద, త రెండూ త గానే వినిపిస్తాయి, వేరే అచ్చు చేరితేనే ఏది ఏదో బయటపడుతుంది. ఏ రూపాన్ని మూలంగా తీసుకోవాలి అన్న ప్రశ్నకు జవాబు దాదాపు ఎప్పుడూ ఒకటే: దేన్నుంచి బయలుదేరితే మిగతాదంతా ఊహించగలమో దాన్ని.

ఇవి చేశాక బయటి భాషల షీట్లు తీయండి. ఎంత మారిపోతాయో చూడండి. జపనీస్‌లో త వరుస త, చి, త్సు, తె, తొ అని నడుస్తుంది. ఇకారం ముందు తకారం చకారమైంది. ఫ్రంట్ వవెల్ హల్లును అంగిలి వైపు లాగడం, చాప, చెట్టులో మీరు చూసిందే. టర్కిష్‌లో ఎవ్ అంటే ఇల్లు, బహువచనం ఎవ్‌లెర్. అట్ అంటే గుర్రం, బహువచనం అట్‌లర్. పదంలో అచ్చును బట్టి ప్రత్యయం మారుతోంది. తెలుగులో అయితే 'గదులు' అన్నప్పుడు ప్రత్యయం పదాన్ని మారుస్తుంది, 'గదికి' అన్నప్పుడు పదం ప్రత్యయాన్ని ('కు'ను 'కి'గా) మారుస్తుంది. రెండు దిశలూ ఉన్నాయి. తమిళంలో పదం మొదట క, అచ్చుల మధ్య గ లాంటి ధ్వని, రాసేది ఒకే అక్షరంతో. మనకు కడప ఒక ఊరు, గడప ఇంటి ముందుది, ఆ ఒక్క జత చాలు క, గ వేర్వేరు ఫోనీమ్‌లని తేల్చడానికి. కొరియన్‌లో ల, ర కూడా ఇలాగే. నీళ్లను ముల్ అంటారు, దానికి ఇ ప్రత్యయం చేరితే మురి అని వినిపిస్తుంది. సిలబుల్ (ఒక అచ్చు చుట్టూ కట్టిన పలుకు తునక) చివర ల, అచ్చుల మధ్య ర.

రెండు పొరపాట్లు మాత్రం ప్రతి బ్యాచ్‌లోనూ కనిపిస్తాయి. మినిమల్ పెయిర్ (కడప, గడప లాగా ఒక్క ధ్వని తేడాతో అర్థం మారే జత) దొరకలేదు కాబట్టి ఒకే ఫోనీమ్ అని రాసేయడం ఒకటి. ఆ ముప్పై పదాల్లో జత లేకపోవచ్చు, అది చాలదు. పరిసరాలు ఎక్కడా కలవడం లేదని విడిగా చూపించాలి. రెండోది, పరిసరాలు కలవకపోతే చాలు ఒకే ఫోనీమ్ అనడం. ఇంగ్లిష్‌లో హ సిలబుల్ మొదట్లోనే వస్తుంది, 'సింగ్' మాట చివర ఉన్న అనునాసికం సిలబుల్ చివరే వస్తుంది. ఒకటి వచ్చే చోట రెండోది రాదు. అయినా వాటిని ఒకే ఫోనీమ్ అని ఎవరూ అనరు, ధ్వనిగా వాటికి పోలికే లేదు. ధ్వనుల పోలిక కూడా కావాలి.

తెలుగు చకారం షీటులో మీకు ఎరువు మాటల (వేరే భాషల నుంచి తెచ్చుకున్న మాటల) చిక్కు కూడా వస్తుంది. అన్నంలో పోసుకునే 'చారు'లో దంత్యం, 'చారుమతి' పేరులో తాలవ్యం. చాయ్, చాక్లెట్ తాలవ్యమే. దీంతో సూత్రం కూలిపోయిందని రాయకండి, వీటిని దాచిపెట్టనూ వద్దు. అచ్చ తెలుగు మాటల్లో రెండూ ఒకే ఫోనీమ్ రూపాలు, సంస్కృతం, హిందీ, ఇంగ్లిష్ మాటలు వచ్చి చేరాక తేడా నిలబడింది. ఈ రెండు వాక్యాలూ రాస్తేనే జవాబు పూర్తి.

రోజువారీ సాధన గురించి. కొత్త షీటు తీసుకున్నప్పుడు మొదటి పదిహేను నిమిషాలు ఏమీ ఆలోచించకండి. ధ్వని ఉన్న ప్రతి చోటా ఎడమ, కుడి పరిసరాలు వరసగా రాయడమే పని. మీరు 'బుర్ర పనిచేయదు' అంటున్నది సాధారణంగా ఈ పని చేయకుండా నేరుగా జవాబు కోసం వెతకడం వల్ల. బుర్రకు ఏమీ పెట్టకుండా పనిచేయమంటే ఎలా? రాయడం అయ్యాక ఒక ఊహ వాక్యంగా రాయండి, తప్పో ఒప్పో తేల్చగలిగేంత గట్టిగా. తప్పని తేలితే దాన్ని చెరిపేయకండి, పక్కనే ఏ పదం వల్ల తప్పైందో రాసి ఉంచండి. కీ తీసేది ఆఖరున, అదీ మీ జవాబు పూర్తిగా రాశాకే. కీతో మీ జవాబు కలిసినా ఆ తప్పిన ఊహల్లో కీ రాసినవాళ్లు పట్టించుకోని పదం ఏదైనా ఉందేమో చూడండి, ఒక్కోసారి ఉంటుంది. వారానికి ఒకటి ఇలా చేసినా, పది షీట్ల కీలు చదివినదానికంటే ఎక్కువ వస్తుంది. తోడు ఉంటే ఇంకా మంచిది. బట్టీ పడుతున్న మీ స్నేహితుల్లో ఒకరిని కూర్చోబెట్టుకుని, ఒకరు సూత్రం చెబితే ఇంకొకరు దాన్ని పడగొట్టే పదం వెతకాలి అని ఆడుకోండి. కాసేపట్లో ఇద్దరికీ హుషారు వస్తుంది.

ఇంకా సరుకు కావాలంటే హాలే, క్లెమెంట్స్ 1983లో తెచ్చిన ప్రాబ్లం బుక్ మీ లైబ్రరీలో ఉండే అవకాశం ఎక్కువ, వరసగా మొదటి నుంచి చేయండి. తెలుగు గురించి లోతుగా కావాలనుకుంటే భద్రిరాజు కృష్ణమూర్తి గారు, జె.పి.ఎల్. గ్విన్ కలిసి 1985లో రాసిన ఆధునిక తెలుగు వ్యాకరణం చూడండి, కానీ పైన చెప్పిన ప్రాబ్లమ్‌లు మీ అంతట మీరు చేశాకే. బడి పిల్లల కోసం పెట్టే లింగ్విస్టిక్స్ ఒలింపియాడ్ ప్రశ్నలు కూడా బాగుంటాయి. అంతర్జాతీయ ఒలింపియాడ్ 2016లో మన మైసూరులో జరిగింది. ఆ ప్రశ్నలకు ముందుగా ఏ సిద్ధాంతమూ తెలియక్కర్లేదు, చూసి ఆలోచిస్తే చాలు. పిల్లల పోటీ అని చిన్నచూపు చూడకండి, కొన్ని మీ షీట్ల కంటే కష్టం.

పరీక్షలో రాసేటప్పుడు చక్కటి ఇంగ్లిష్ కోసం తాపత్రయపడొద్దు. ఏ ధ్వనుల గురించి, అవి ఎక్కడెక్కడ వస్తున్నాయి, కలుస్తున్నాయా లేదా, మూలం ఏది, ఎందుకు, సూత్రం ఏమిటి, ఎదురు నిలిచిన పదం ఏది. చిన్న చిన్న వాక్యాలు చాలు. దిద్దేవాళ్లు వెతికేది వాదన.

ఈ వారానికి మీకొక ప్రాబ్లం ఇస్తాను. పులికి, బడికి, గదికి, స్త్రీకి అంటాం. నాకు, మనకు, తమకు అంటాం. ఇక్కడి దాకా అచ్చును బట్టి కి, కు మారుతున్నాయని తేలిగ్గా చెప్పొచ్చు. కానీ నీకు, మీకు? అక్కడా ఈకారమే ఉంది, 'స్త్రీకి'లో లాగే. అయినా 'నీకి', 'మీకి' అనం. ఈ రెండు మాటలు ఎందుకు ఒప్పుకోవడం లేదో మూడు వేర్వేరు ఊహలు రాయండి, ఒక్కొక్కదాన్ని పరీక్షించడానికి ఏ పదం కావాలో కూడా రాయండి. ఇంట్లో, ఊళ్లో పెద్దవాళ్ల నోట కి, కు ఎలా పడుతున్నాయో సెలవులకు వెళ్లినప్పుడు వినండి, విన్నది విన్నట్టు రాసుకుని క్లాసుకు తీసుకెళ్లండి.